హత్‌షెప్సుత్ పేరు చెక్కి చెరిపేసింది పగతోనా, వారసత్వం కోసమా?

నైలుగట్టు:
ప్రాచీన ఈజిప్టును ఫారోగా, అంటే రాజుగా, ఏలిన రాణి హత్‌షెప్సుత్ పోయాక (క్రీ.పూ. 1458 ప్రాంతం) గుడి గోడల మీద ఆమె పేరునూ ఫారో వేషంలోని బొమ్మలనూ ఉలితో చెరిపించింది మూడవ థట్‌మోస్ అన్నదాంట్లో పెద్ద తగవు లేదు. ఎందుకన్నదే తగవు. అతనికి ఆమె సవతి తల్లి, వరసకు మేనత్త కూడా. అతని తండ్రి, ఆమె భర్త రెండవ థట్‌మోస్ చనిపోయేనాటికి ఇతను పసివాడు. ఆమె మొదట అతని తరఫున పాలించి, అతని ఏలుబడి 7వ ఏటికల్లా మాత్‌కరే అన్న రాజనామంతో తానే ఫారో అయింది. అసలు వారసుణ్ణి ఇన్నేళ్లు వెనక నిలబెడితే కడుపు మండదా? దేర్ ఎల్-బహరీలో ఆమె కట్టించిన గుడి ముందు గోతుల్లో పురాతత్వవేత్త హెర్బర్ట్ విన్‌లాక్ బృందం 1920లలో తవ్వి తీసిన ఆమె విగ్రహాలు ముక్కలు ముక్కలు. కొన్నింటికి కళ్లు పొడిచారు, కిరీటం మీది నాగుపామును కొట్టేశారు. పగ కాకపోతే ఇదేమిటి?

శాసనరేఖ:
పగవాడు ఇరవై ఏళ్లు ఆగడు. మీ వాదానికి ఇదే అసలు అడ్డు, ముందు దీన్ని తేల్చాలి.

ఆమె తన ఏలుబడి సంవత్సరాలను వేరుగా లెక్కపెట్టలేదు, అతని పట్టాభిషేకం నుంచి వచ్చే లెక్కనే వాడింది. ఆ లెక్కలో 22వ ఏట అతను ఒంటరిగా రాజయ్యాడు. వెంటనే సేనతో బయల్దేరాడు, 23వ ఏట మెగిద్దో యుద్ధం గెలిచాడు. చెక్కివేత మాత్రం 42వ ఏటి తర్వాతే మొదలైందని 1966లో ఈజిప్టు చరిత్ర పండితుడు చార్లెస్ నిమ్స్ కర్నాక్ గుళ్ల గోడల క్రమాన్ని బట్టి వాదించాడు. 1988లో మరో పండితుడు పీటర్ డోర్‌మన్ దాన్ని ఇంకా బిగించాడు. అతని దండయాత్రల శాసనాలు చెక్కింది ఆ 42వ ఏటి ప్రాంతంలోనే.

కర్నాక్‌లోని ఎర్ర మందిరం చూడండి. ఎర్ర క్వార్ట్‌జైట్, నల్ల గ్రానైట్ రాళ్లతో ఆమె మొదలుపెట్టిన కట్టడం. ఆమె పోయేసరికి పైవరస చెక్కడం మిగిలిపోయింది. దాన్ని అతను తన పేరుతో పూర్తి చేయించాడు, కింది వరసల్లో ఆమె బొమ్మలను అప్పటికి ముట్టుకోలేదు. మందిరాన్ని విప్పేయడం ఆ తర్వాతి మాట. ద్వేషంతో రగిలేవాడు శత్రువు మొదలుపెట్టిన పనిని పూర్తి చేయిస్తాడా?

ఇంకొకటి. ఆమె బతికుండగానే సైన్యంలో అతనిది పెద్ద స్థానం. కూలదోయాలనుకుంటే చేతిలో ఆయుధం ఉంది.

నైలుగట్టు:
ఆలస్యం సరే. విగ్రహాల సంగతో? ఏళ్ల తరబడి అణచుకున్న కోపం ముసలితనంలో బయటపడకూడదా? కర్నాక్‌లో నాలుగు, ఐదు పైలాన్‌ల (గుడి ప్రవేశ గోపురాల) మధ్య ఆమె నిలిపిన రెండు ఏకశిలా స్తంభాల చుట్టూ గోడ కట్టించింది కూడా అతనే కదా. వాటి పని 15వ ఏట మొదలై 16వ ఏటికి, అంటే ఏడు నెలల్లో ముగిసిందని ఆమె గర్వంగా రాయించుకున్న రాళ్లవి. ఇప్పుడు నిలబడి ఉన్నదాని ఎత్తే దాదాపు 30 మీటర్లు.

ముక్కలరాయి:
నైలుగట్టు గారూ, విగ్రహాల మీద 2025లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన జున్ యి వాంగ్ పరిశోధన వచ్చింది. విన్‌లాక్ తవ్వకాల నాటి ఫోటోలు, నోటు పుస్తకాలు మళ్లీ చూసి, ఏ ముక్క ఎక్కడ విరిగిందో పరిశీలించారు. చాలా విగ్రహాలు మెడ దగ్గర, నడుము దగ్గర, మోకాళ్ల దగ్గర విరిగాయి. ముఖాలు చాలావాటికి చెక్కుచెదరలేదు. పగతో కొట్టేవాడు మొదట ముఖాన్నే కొడతాడు. మెడ, నడుము, మోకాలు విరవడమన్నది విగ్రహంలోని శక్తిని తీసేసే పద్ధతి. కర్నాక్ ప్రాంగణంలో పాతిపెట్టిన ఇతర ఫారోల విగ్రహాల్లోనూ ఇదే కనిపిస్తుంది, వాళ్ల మీద ఎవరికీ పగ లేదు. పైగా విరిగిన రాళ్లను తర్వాతివాళ్లు వేరే పనులకు వాడుకున్నారు. ఆ దెబ్బలన్నీ థట్‌మోస్ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది.

మీరన్న కళ్లు పొడిచినవి, నాగుపాము కొట్టేసినవి కూడా నిజమే. వాటిని నేను దాచను. కానీ కొన్ని విగ్రహాలకు జరిగినదాన్ని అన్నింటికీ అంటగట్టకూడదు.

శాసనరేఖ:
గోడల మీద పని విగ్రహాల పని కంటే వేరు, ఈ రెంటినీ కలిపేయడం వల్లే చర్చ చిక్కుపడుతోంది. గోడ మీద ఉలి ఆమె ఫారో రూపాన్నీ రాజనామాన్నీ మాత్రమే వెతుక్కుంటూ వెళ్లింది. రెండవ థట్‌మోస్ భార్యగా, రాణిగా ఉన్న బొమ్మల జోలికి పోలేదు. ఖాళీ చేసిన చోట మొదటి, రెండవ థట్‌మోస్‌ల పేర్లు, కొన్నిచోట్ల మూడవ థట్‌మోస్ పేరు పెట్టారు. తండ్రి, కొడుకు, మనవడు అని వరస మధ్యలో తెగకుండా కనబడాలన్నదే లెక్క. మూడవ థట్‌మోస్ తన కొడుకు రెండవ అమెన్‌హోటెప్‌ను 51వ ఏట సహపాలకుణ్ణి చేశాడు. చెక్కివేత ఆ ముందు పదేళ్లలోది. కొడుక్కి దారి శుభ్రం చేశాడు.

నైలుగట్టు:
ఎవరి నుంచి శుభ్రం చేశాడు? హత్‌షెప్సుత్ వైపు నుంచి సింహాసనం అడిగినవాడి పేరు ఒక్కటి చెప్పండి. ఆమె కూతురు నెఫెరురే కూడా అప్పటికి ఎక్కడా కనబడదు. ప్రత్యర్థి లేని పోటీకి ఇంత ఖర్చా?

ముక్కలరాయి:
ఈ ప్రశ్న సరైనది. వారసత్వ వాదం ఇక్కడే బలహీనం. నా ఉద్దేశంలో మనమందరం దేర్ ఎల్-బహరీలోని మూడో గుడిని మరిచిపోతున్నాం. హత్‌షెప్సుత్ గుడికీ, అంతకు ఐదొందల ఏళ్లకు పైగా పాతదైన ఫారో మెంతుహోటెప్ గుడికీ మధ్య, కొండ అంచున మూడవ థట్‌మోస్ ఒకటి కట్టించాడు. పేరు జెసెర్-అఖెత్. పోలండ్ తవ్వకాల్లో 1962లో బయటపడింది. పని 43 నుంచి 49వ ఏటి వరకు సాగింది. ఏటా జరిగే లోయ ఉత్సవంలో అమున్ దేవుడి పడవ నది దాటి వచ్చి ఆగే చోటు అంతకుముందు ఆమె గుడి, ఆ తర్వాత ఇది. ఆ గుడికి దారి వేస్తూ, మట్టి ఎత్తుతూ ఉన్న ఏళ్లలోనే పక్క గుడి విగ్రహాలు గోతుల్లోకి వెళ్లాయి. పగకూ వారసత్వానికీ ముందు అడగాల్సింది దేవుడి పడవ ఎవరి వాకిట్లో ఆగాలన్న ప్రశ్న.

శాసనరేఖ:
తేదీలు మాత్రం కలుస్తున్నాయి. అయితే కర్నాక్‌లో, నదికి ఇవతలి ఒడ్డున, ఆమె పేరు ఎందుకు చెరిపారన్నది దీంతో తేలదు. దేర్ ఎల్-బహరీకి మీ కారణం ఒప్పుకుంటాను. కర్నాక్‌కు నా కారణం వదులుకోను.