పర్డ్యూనా, యూటీ డల్లాసా? ఎటూ తేలడం లేదు

అమెరికాలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌కి పర్డ్యూ యూనివర్సిటీ, యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) డల్లాస్ నుంచి రెండు అడ్మిట్లు వచ్చాయి. రెండింట్లోనూ ఫండింగ్ లేదు. ఏప్రిల్ 15లోపు తేల్చుకోవాలి.

పర్డ్యూ 1869 నాటిది. ఇంజినీరింగ్ అంటే పేరు చెప్పగానే గుర్తుపడతారు. విద్యార్థులే 50 వేలకు పైన, కానీ అది ఉన్న వెస్ట్ లఫాయెట్ చిన్న ఊరు. దగ్గర్లోని పెద్ద నగరం ఇండియానాపోలిస్ వెళ్లాలంటే కారులో గంట పైనే. యూటీ డల్లాస్ 1969లో ప్రభుత్వ యూనివర్సిటీ అయింది, విద్యార్థులు సుమారు 30 వేలు. అంత పేరు లేదు గానీ, ఉన్నది డల్లాస్ పక్కనే రిచర్డ్‌సన్‌లో. చుట్టూ టెలికాం, ఐటీ కంపెనీలే. మనవాళ్లూ బోలెడుమంది, ఇడ్లీకి లోటుండదు.

ర్యాంకింగులు చూశాను. ఎక్సెల్‌లో పేరుకీ ఊరికీ ఖర్చుకీ మార్కులు వేస్తే 71, 70 వచ్చాయి! ఇద్దరు సీనియర్లది చెరో మాట. కన్సల్టెన్సీ అతను "ఏదైనా ఒకటే" అని చేతులు దులుపుకున్నాడు.

ఈ రెండింట్లో చదివినవాళ్లు చెప్పండి: మొదటి సమ్మర్ ఇంటర్న్‌షిప్ దొరకడానికి మీకు యూనివర్సిటీ పేరు ఎక్కువ పనికొచ్చిందా, ఉన్న ఊరా?