మూడో నెలలో వెళ్లాలా, ఐదో నెల దాకా ఆగాలా?

పానగల్లు రోడ్డు
అక్కలూ, వదినలూ, ఒక పంచాయితీ తీర్చండి. పాప పుట్టి ఈ రోజుకు 52 రోజులు. తొలి కాన్పు కాబట్టి పద్ధతి ప్రకారం తల్లిగారింట్లో ఉన్నాను, మర్రిగూడ దగ్గర ఒక ఊళ్లో. మా కాపురం నల్లగొండలో. మూడో నెలలో వెళ్లిపోతానంటే అమ్మ ఏడుస్తోంది. "ఐదో నెల నిండకుండా పచ్చి బాలింతను పంపితే ఊళ్లో నేను తలెత్తుకోవాల్నా వద్దా" అంటోంది. అత్తమ్మ ఫోన్లో "నీ ఇష్టం బిడ్డా" అంటూనే "ఆడుంటే నీకు జర రెస్టు" అని ముగిస్తుంది. నాలుగో నెల ఊసే లేదు, సరి నెల కదా.

ఎందుకు పోదామనుకుంటున్నానో చెప్తా. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాళ్లు చాపి పాపను వాటి మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంది. అయ్యాక లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఒక్కోసారి పాపను నా చేతికిచ్చి తాను ఆ తడి బండ మీదే కాసేపు కూర్చుండిపోతుంది. నాన్న పొద్దున్నే పత్తి చేనుకు పోతే మళ్లీ పొద్దుగూకాకే. ఇక మా ఆయన ఆదివారాలు వస్తాడు. పాపను ఎత్తుకోవడం ఇంకా రాలేదు. నిండు బిందె పట్టుకున్నట్టు రెండు చేతులతో ముందుకు పట్టుకుంటాడు, ఏడవగానే మాకు ఇచ్చేస్తాడు.

ఇంకో సంగతి. నల్లగొండలో మా గల్లీలో బాలింతలు ఇద్దరున్నారు. మధ్యాహ్నాలు ఒకరింట్లోనే కూర్చుంటారు. ఒకామె పడుకుంటే ఇంకొకామె ఇద్దరు పిల్లల్నీ చూస్తుంది. రాత్రి రెండింటికి పాలిచ్చేటప్పుడు ముగ్గురం మెసేజ్ పెట్టుకుంటాం. "లేచిందా?" "లేచింది." అంతే. ఆ ఒక్క మాటకే నాకు సగం భయం పోతుంది. ఇక్కడ మా వాడకట్టులో నా ఈడు బాలింత ఒక్కరూ లేరు.

మీరేమంటారు?

వనపర్తి అత్తమ్మ
మీ అమ్మ మాట విను బిడ్డా. ఇద్దరు కోడళ్ల అత్తను కాబట్టే చెప్తున్నా. ఎంత మంచివాళ్లున్నా అత్తగారింట్లో బాలింతకు పగటి నిద్ర ఉండదు. చుట్టం వస్తే లేవాలి, చాయ్ పెట్టాలి. తల్లిగారింట్లో తలుపు దగ్గరికేసుకుని పడుకుంటే ఎవరూ లేపరు. ఐదు నెలలకు పాపకు మెడ నిలుస్తుంది, బోర్లా పడుతుంది, బస్సులో తేవాలన్నా భయం ఉండదు. నీ నడుమూ గట్టిపడుతుంది. అందాకా చెవుల్లో దూది తీయకు, చన్నీళ్లు ముట్టకు. గల్లీ స్నేహాలు ఎక్కడికీ పోవు.

సూర్యాపేట చెల్లె
అత్తమ్మా, ఇదే ప్రశ్న మీ కోడళ్లనూ అడగాలని ఉంది.

జడ్చర్ల ఉద్యోగి
ఐదో నెల అనేది ఆడవాళ్లకు ఉద్యోగాలు లేని రోజుల లెక్క. 2017లో చట్టం మార్చి మొదటి రెండు కాన్పులకు సెలవు 26 వారాలు చేశారు, మంచిదే. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నాకు బీపీ పెరిగి డాక్టరు పడుకోమన్నారు, ఆ ఎనిమిదీ ముందే అయిపోయాయి. మిగిలినవి 18 వారాలు, అంటే నాలుగు నెలల చిల్లర. ఐదో నెల నిండేదాకా ఆగితే సెలవెక్కడిది?

తొలి కాన్పులో సెలవు ఇంకా నాలుగు రోజులుందనగా ఇంటికొచ్చాను. అప్పటిదాకా పాపకు తెలిసిన చేతులు మా అమ్మవి. అత్తమ్మా కొత్తే, నాన్నా కొత్తే. నేను ఆఫీసులో, పాప ఇంట్లో, వారం రోజులు ఇద్దరం ఏడ్చాం. రెండో కాన్పుకు బుద్ధొచ్చి 75వ రోజుకే వచ్చేశాను. సెలవు ఉన్నప్పుడే అత్తగారింట్లో అందరికీ పాపను అలవాటు చేశాను.

పత్తి ఏరను పోయే ఆడవాళ్లకైతే ఈ సెలవూ లేదు, అది వేరే కథ.

నారాయణపేట కోడలు
తల్లిగారిల్లు అందరికీ ఉన్నట్టే మాట్లాడుతున్నారు. నా కాన్పు నాటికి మా అమ్మానాన్న పుణెలో బిల్డింగు పనిలో ఉన్నారు. పాలమూరు వలస గురించి పేపర్లో చదివే ఉంటారు, మాకది ఇంటి సంగతి. రేకుల షెడ్డులో బాలింతను ఎక్కడ పడుకోబెడతారు? అమ్మ ఇరవై రోజులు వచ్చి పోయింది. మేస్త్రీ దగ్గర తెచ్చిన అడ్వాన్సు ఇంకా తీరలేదు, ఉండమని ఎలా అడగను?

ఆ తర్వాత చేసిందంతా అత్తమ్మే. పాపకు నలుగు పెట్టింది, సాంబ్రాణి వేసింది, నాకు జొన్నరొట్టెలో ఎల్లిగడ్డ కారం పెట్టింది. మొదటి రోజే చెప్పింది, "నీళ్లు కాగపెట్టేది నేను, బట్టలు పిండేది నా కొడుకు" అని. నిజంగానే పిండించింది. ఆయన దండెం మీద పాప గుడ్డలు ఆరేస్తుంటే ఎదురింటివాళ్లు నవ్వారు. "నవ్వుండ్రి, వాసనైతే మీకు రాదు కదా" అంది.

వనపర్తి అత్తమ్మ గారూ, చాయ్ పెట్టడానికి బాలింతే లేవాలని ఎవరన్నారు? ఆ ఇంట్లో అత్త మీరే కదా.

వనపర్తి అత్తమ్మ
లేపేది నేను కాదమ్మా, వచ్చిన చుట్టాలు. సరే, ఒకటి రెండు సార్లు నేనూ లేపాను. ఒప్పుకుంటున్నా.

కల్వకుర్తి ఏఎన్‌ఎం
నెలల పంచాయితీలో నేను తలదూర్చను, కొన్ని పనికొచ్చే సంగతులు రాస్తా. పాపకు టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఉంటాయి. ఆరు వారాలది అయ్యే ఉంటుంది. పది వారాలదంటే 70వ రోజు. అది అక్కడే వేయించుకుని, జ్వరం వస్తే తగ్గనిచ్చి, రెండు మూడు రోజులకు బయల్దేరండి. అప్పటికీ మూడో నెలే, బేసి నెల లెక్కా తప్పదు. పద్నాలుగు వారాలది నల్లగొండలో వేయించండి. తల్లీబిడ్డల కార్డు మాత్రం వెంట పెట్టుకోండి.

బాలింతలు మా చేతుల్లోంచి జారిపోయేది ఇలా ఇల్లు మారినప్పుడే. ఆస్పత్రి కాన్పైతే ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. పేరేమో అత్తగారి ఊళ్లో ఉంటుంది, మనిషేమో తల్లిగారింట్లో. ఈ ఊరి ఆశ ఆ ఊళ్లో చూస్తారనుకుంటుంది, ఆ ఊరి ఆశ ఇక్కడ చూస్తారనుకుంటుంది. అంగన్‌వాడీ భోజనమూ అంతే. ఆరోగ్యలక్ష్మి కింద పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా భోజనం, గుడ్డు, పాలు ఉంటాయి. ఏ ఊళ్లో ఉంటే అక్కడ పేరు రాయించుకోండి, మారితే మార్పించుకోండి.

అత్తమ్మ గారూ, చెవుల్లో దూది పెట్టుకుంటే నష్టం లేదు. కానీ పథ్యం పేరుతో బాలింతకు తాగే నీళ్లు తగ్గించొద్దు, పప్పూ కూరలూ మానిపించొద్దు.

పానగల్లు రోడ్డు
అక్కా, ఇంకోటి అడగనా? పొద్దుగూకితే చాలు, పాప గంటసేపు ఆగకుండా ఏడుస్తోంది. పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమని పక్కింటి పెద్దమ్మ రోజూ పోరు. ఈ ఉక్కకు రెండు చెంచాల నీళ్లు కూడా పట్టమంటోంది. నల్లా రాని రోజు మాకు బోరు నీళ్లే.

కల్వకుర్తి ఏఎన్‌ఎం
రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ ఉచ్చ పోస్తోందా? తూకం పెరుగుతోందా? ఈ నెలల్లో వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరిగితే పాలు చాలుతున్నట్టే. పెద్దమ్మ మాట మీద కాదు, అంగన్‌వాడీ తక్కెడ మీద నమ్మకం పెట్టుకోండి. సాయంత్రం ఏడుపు ఈ వయసు పిల్లలకు చాలామందికి ఉంటుంది. ఆరు వారాలప్పుడు బాగా ముదిరి, మూడో నాలుగో నెలకు తగ్గుతుంది. జ్వరం ఉన్నా, పాలు తాగడం మానేసినా, డీలా పడినా మాత్రం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఆరు నెలల దాకా నీళ్లు వద్దు, మే నెల ఎండలకైనా సరే. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. పైగా మర్రిగూడ బోరు నీళ్లా! అక్కడి ఫ్లోరైడ్ బాధ జిల్లా అంతా ఎరిగిందే. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. డాక్టరే డబ్బా పాలు రాస్తే అది వేరే సంగతి, అప్పుడు కూడా ఏ నీళ్లలో కలుపుతున్నారో చూసుకోవాలి.

దేవరకొండ నాన్న
మగవాణ్ని, మధ్యలో రావచ్చా? నేనూ ఆదివారం అల్లుడినే. ఐదు నెలలు ఆదివారం ఆదివారం పోయాను. కోడికూర పెట్టేవాళ్లు, బాబును చూపించేవాళ్లు, ఐదింటి బస్సెక్కించేవాళ్లు. వాడు నన్ను చూసి దడుచుకుని ఏడ్చేవాడు. ఇంటికొచ్చిన మొదటి రాత్రి లంగోటా కట్టమంటే ముడి ఎక్కడ వేయాలో తెలియక కండువాలా చుట్టాను. పొద్దున దాకా ఇద్దరం తడుస్తూనే ఉన్నాం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల సెలవుంది. మాలాంటి ప్రైవేటు నాన్నలకు చట్టంలో ఒక్క రోజూ లేదు. సెలవు లేదని నేర్చుకోకపోతే ఎట్లా? నా ఓటు మూడో నెలకే, ఒక షరతుతో. మీ ఆయనను శనివారం రాత్రే రమ్మనండి. పాప లేచినప్పుడు లేపండి. పాలు మీరివ్వండి, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించే పని ఆయనది.

సూర్యాపేట చెల్లె
ఇందాక సరదాగా రాశాను, ఇప్పుడు నిజం రాస్తా. గల్లీ గ్రూపును నమ్ముకుని మాత్రం వెళ్లకు. నాకూ ఒక గ్రూపు ఉండేది, ఆరుగురం. "మావాడు మెడ నిలిపాడు", "మాది రాత్రంతా లేవదు". నాకు పాలు సరిగా పడలేదు. డబ్బా పడుతున్నానని చెప్పడానికి సిగ్గేసి, ఫొటో తీసే ముందు పాల సీసాను దిండు వెనక్కి నెట్టేదాన్ని. మెసేజులకు బాగానే జవాబిచ్చేదాన్ని, కాబట్టి బాగున్నాననుకున్నారు. రెండు నెలలు రోజూ ఏడ్చాను. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉందని కనిపెట్టింది మా అమ్మ. డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది కూడా ఆమే. గ్రూపులో ఆ కంచం ఎవరికి కనబడుతుంది?

కల్వకుర్తి ఏఎన్‌ఎం
చెల్లె చెప్పింది చిన్న విషయం కాదు. కాన్పైన కొత్తలో కారణం లేకుండా కన్నీళ్లు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టింది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

పానగల్లు రోడ్డు
సూర్యాపేట అక్కా, నీ మాట రెండుసార్లు చదివాను. మా ముగ్గురిలో రెండో కాన్పు ఆమె నాలుగు రోజులుగా "ఊ" అని తప్ప ఏమీ రాయడం లేదు. ఫోన్ చేసి మాట్లాడతా.

హాలియా అమ్మమ్మ
అందరూ బాలింత సంగతే రాశారు, పంపే తల్లి సంగతి నేను రాస్తా. బిడ్డను ఉత్త చేతులతో పంపలేం. ఒడిబియ్యం పోయాలి, బిడ్డకూ అల్లుడికీ బట్టలు పెట్టాలి, మనుమరాలికి వెండి మొలతాడు, కాళ్లకు పట్టీలు. నీ మూడో నెల దసరాకు ముందే వస్తుంది. పత్తి అప్పటికి చెట్టు మీదే ఉంటుంది, ఎరువుల బాకీ నెత్తి మీద ఉంటుంది. ఐదో నెలకైతే మొదటి ఏరుడు అయిపోయి చేతిలో పైసలాడతాయి. మా పెద్దబిడ్డను నేనట్లనే ఆపాను. పిల్ల మెడ నిలవాలని అందరికీ చెప్పాను. మీ అమ్మ ఏడుపులో ఈ లెక్క కూడా ఉందేమో, ఎవరూ లేనప్పుడు మెల్లగా అడుగు.

జడ్చర్ల ఉద్యోగి
ఇంతసేపూ ఇది మనలో ఒక్కరికీ తట్టలేదు.

వనపర్తి అత్తమ్మ
అందుకే వియ్యపురాలు ముందే ఫోన్ చేసి "ఏమీ తేవద్దు, పిల్లను పంపు చాలు" అనాలి. నువ్వు అడిగితే మీ అమ్మ చెప్పదు. మీ అత్తతో అనిపించు.

పానగల్లు రోడ్డు
తొమ్మిది రోజులైంది, ఏమైందో చెప్పి పోదామని వచ్చా. హాలియా అమ్మమ్మ గారూ, అదే లెక్క. నేను అడిగితే "నీకెందుకే అవన్నీ" అంది. అత్తమ్మ ఫోన్ చేసి "పత్తి అమ్మినాక ఒడిబియ్యం పోద్దువుగానీ వదినా, అప్పుడు మేమందరం వస్తం" అనగానే అమ్మ ఫోన్ పట్టుకునే కొంగుతో ముఖం తుడుచుకుంది. నాన్న మాత్రం పట్టీలైనా పెట్టాల్సిందేనని ఇంకా పట్టు మీదున్నాడు.

పది వారాల టీకా అయ్యాక 74వ రోజు బయల్దేరుతున్నాం. అమ్మా వస్తోంది, పదిహేను రోజులు. ఆమె కుర్చీలో కూర్చుని చెప్తుంది, నీళ్లు పోసేది మా ఆయన. తూకం పోయిన వారం 180 గ్రాములు పెరిగింది, పెద్దమ్మకు చెప్పాను, నమ్మలేదు. ఆ రెండో కాన్పు ఆమెను వాళ్ల అక్క వచ్చి డాక్టరుకు చూపించింది.

వనపర్తి అత్తమ్మ
మీ ఆయనకు కాళ్లు చాపి కూర్చోవడం వస్తుందా?

పానగల్లు రోడ్డు
మొన్న ఆదివారం కూర్చోబెట్టాం. రెండు చెంబులు పోసేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. పాప మాత్రం ఏడవలేదు.