రెండు పలకల్ని ‘మార్చండి’ అంటే సరిపోదా?

హన్మకొండ నుంచి:
గ్రూపులో అందరికీ నమస్తే. మా తమ్ముడు, వాడి దోస్తు కలిసి ఫోన్లో ఆడుకునే ఒక పజిల్ ఆట తయారు చేస్తున్నారు. గళ్ళలో చదరపు పలకలు ఉంటాయి. ఒక్కో పలక మీద గీత ముక్క ఒకటి: కొన్ని నిలువు, కొన్ని అడ్డం, కొన్ని మూల తిరిగినవి. పలకను తిప్పడానికి లేదు. ఏవైనా రెంటిని తాకితే దీని చోటికి అది, దాని చోటికి ఇది పోతుంది. గీత ఎక్కడా తెగకుండా కలిస్తే ఆ మెట్టు అయిపోయినట్టు. కొంచెం తిక్క ఆటే. గీతకు కళ్ళు పెట్టారు, గోడకు గుద్దుకుంటే మూతి ముడుస్తుంది.
తెలుగు మాటలు రాసే పని నా మీద పడింది. ‘స్వాప్’ అన్నచోట ‘పలకలు మార్చండి’ అని రాశాను. మా అమ్మ ఆడి చూసి, “ఈ పలక వద్దంటే ఇంకోటి ఇస్తదా బిడ్డా?” అని అడిగింది. స్వాప్ అనే ఉంచమంటారా, వేరే మాట ఏదైనా ఉందా?

జనగామ నుంచి:
స్వాప్ అనే ఉంచు తమ్మీ. ఫోన్ ఆట ఆడేటోళ్ళకు ఆ మాత్రం తెలుసు.

పరకాల నుంచి:
‘తారుమారు’ ఉండగా ఇంగ్లీషు ఎందుకు? అచ్చంగా చోట్లు మారడమే కదా.

కరీంనగర్ నుంచి:
తారుమారు వద్దన్నా. రికార్డులు తారుమారు, లెక్కలు తారుమారు, జాతకాలు తారుమారు... ఆ మాట పేపర్లో కనబడితే ఎవరో ఏదో గోల్‌మాల్ చేశారనే అర్థం. సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టడం తారుమారు. ఈ ఆటలో చెదిరినదాన్ని సరిచేస్తున్నాం. ఆట మొదలుపెట్టే ముందు పలకల్ని కలగాపులగం చేస్తారు చూడు, ఆ బటన్‌కు పెట్టుకోమను, దివ్యంగా ఉంటుంది.

కొత్తవాడ, వరంగల్ నుంచి:
అమ్మ అడిగింది సరైన ప్రశ్న. ‘మార్చు’ మీద మనం చాలా బరువు వేశాం. చొక్కా మార్చడం అంటే ఒకటి విప్పి ఇంకొకటి తొడుక్కోవడం. నోటు మార్చడం అంటే ఒకటి ఇచ్చి దాని విలువకు సరిపడా తీసుకోవడం. మాట మార్చడం సంగతి చెప్పనక్కర్లేదు. ‘మార్పిడి’ దగ్గరికి వస్తే ఇంకా చిత్రం. వస్తు మార్పిడిలో ఇద్దరూ ఇస్తారు, ఇద్దరూ పుచ్చుకుంటారు. అవయవ మార్పిడిలో ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకునేవారు మరొకరు, తిరిగి ఇచ్చేది ఏమీ లేదు. మత మార్పిడిలో మనిషి ఒక్కడే, మతం రెండోది. పంట మార్పిడిలో చేను కదలదు, ఈ ఏడు మక్క వేసినచోట వచ్చే ఏడు పెసర వేస్తాం. ఇన్నింటికీ ఒకటే మాట. కాబట్టి ఉత్త ‘పలకలు మార్చండి’ అంటే, ఇవి తీసేసి కొత్తవి తెచ్చుకోమన్నట్టే వినిపిస్తుంది.

ఇక్కడ పేరు కంటే క్రియ ముఖ్యమని నా అభిప్రాయం. ‘అతను సీటు మార్చుకున్నాడు’ అంటే లేచిపోయి వేరే సీట్లో కూర్చున్నాడు, అంతే. ‘వాళ్ళిద్దరూ సీట్లు మార్చుకున్నారు’ అంటే ఇతని సీట్లో అతను, అతని సీట్లో ఇతను. క్రియ అదే, ‘మార్చుకొను’లోని ‘కొను’ కూడా అదే. కర్త ఇద్దరయ్యేసరికి ‘ఒకరితో ఒకరు’ అనే అర్థం దానంతటదే వచ్చి చేరింది. మీరు రాసిన వాక్యంలో కర్త ఎవరు? ఆడే మనిషి, అంటే ఒక్కరు. అందుకే చిక్కు వచ్చింది. పలకల్ని కర్తను చేసి చూడండి: ‘రెండు పలకల్ని తాకండి. అవి చోట్లు మార్చుకుంటాయి.’ ఇంక స్వాప్‌తో పనేముంది?

హన్మకొండ నుంచి:
సార్, ఇది మస్తుంది. ఆట ఎలా ఆడాలో చెప్పే చోట ఇదే పెడతాను. కానీ బటన్ మీద అంత పొడుగు వాక్యం పట్టదు. అక్కడ ఒక్క మాటే కావాలి.

నర్సంపేట నుంచి:
బదిలీ?

కరీంనగర్ నుంచి:
బదిలీ అయితే ఒక్కరే పోతారు. ఖాళీ ఉంటే చాలు, ఎదురుగా ఎవరూ రానక్కర్లేదు. సార్లు, మేడమ్‌లు అడిగేది ‘పరస్పర బదిలీ’. ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు సర్దిన 317 జీవో తరువాత ఆ మాట మన దగ్గర ప్రతి స్టాఫ్ రూములో వినబడింది. వినబడింది అంటే ఆర్డర్ కాగితంలోనే, నోటితో అందరూ ‘మ్యూచువల్’ అనే అన్నారు. “మ్యూచువల్ దొరికిందా?” అంటే, నీ చోటికి వచ్చేటోడు, నీకు కావాల్సిన చోటు ఇచ్చేటోడు ఒక్కడే దొరికిండా అని.

జనగామ నుంచి:
మా ఊళ్ళో ఒకావిడ దాన్ని ‘కుండమార్పిడి’ అనేది! నీ చెల్లెను మా తమ్మునికి, మా చెల్లెను నీకు.

పరకాల నుంచి:
కుండమార్పిడి బటన్ మీద పెడితే పిల్లలు ముంతలు వెతుక్కుంటారు. కానీ అర్థం మాత్రం గురి తప్పలేదు. ఒక ఇంటి పిల్లను ఇచ్చి ఆ ఇంటి పిల్లను తెచ్చుకోవడం. ఒక వైపు తెగితే రెండో వైపూ ఇబ్బందే.

కొత్తవాడ, వరంగల్ నుంచి:
మ్యూచువల్ సంగతి వచ్చింది కాబట్టి ఆట లోపలికి ఒకసారి పోదాం. బోర్డు అంచు వెంట తిరిగి మూసుకునే గీత ఉందనుకోండి. పై ఎడమ మూలలో కుడికీ కిందికీ తిరిగే పలకే ఉండాలి. కింది కుడి మూలలో ఎడమకూ పైకీ తిరిగేదే ఉండాలి. ఇవి రెండూ ఒకదాని చోట ఒకటి పడ్డాయంటే గీతలు నాలుగు కొసలతో గోడను గుద్దుతుంటాయి. ఒక్కసారి చోట్లు మార్చుకుంటే రెండూ కుదురుకుంటాయి. ఇది కుండమార్పిడే. పై ఎడమ మూలలో పై కుడి మూలది, పై కుడి మూలలో కింది ఎడమది, కింది ఎడమలో పై ఎడమది కూర్చున్నాయనుకోండి. ఏ ఇద్దరికీ మ్యూచువల్ కుదరదు, ముగ్గురూ గుండ్రంగా ఇరుక్కున్నారు. ఉద్యోగులైతే అక్కడే ఆగిపోతారు. పలకకు అలకలు ఉండవు కనుక ఒకదాన్ని ముందు దాని చోటికి పంపి, మిగిలిన రెంటిని మార్చితే రెండు మార్పిళ్ళలో పని అయిపోతుంది. పలకలన్నీ వేర్వేరువైతే ముగ్గురి చక్రానికి 2, నలుగురి చక్రానికి 3, అట్లా ఒకటి తక్కువ చొప్పున. అంతకన్నా తక్కువలో ఎవరివల్లా కాదు. మీ తమ్ముడు ‘ఇన్ని ఎత్తుల్లో ముగించాలి’ అని హద్దు పెట్టేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది.

నర్సంపేట నుంచి:
అయితే ‘జరపండి’ అన్నా ఒకటే కదా సార్? పలకల్ని జరిపే ఆటలు పాతకాలం నుంచీ ఉన్నాయి.

కొత్తవాడ, వరంగల్ నుంచి:
అస్సలు ఒకటి కాదమ్మా. జరపాలంటే ఖాళీ ఉండాలి. 1982లో కొనామీ వాళ్ళు తెచ్చిన లోకో-మోషన్ ఆటలో రైలు పట్టాల ముక్కల్ని ఖాళీ గడిలోకి జరుపుతూ దారి కలపాలి. 1989 నాటి పైప్ మేనియాలో జరపడమూ లేదు, చోట్లు మార్చడమూ లేదు, వరసలో వచ్చిన గొట్టం ముక్కను పెట్టుకుంటూ పోవడమే.
జరపడానికీ మార్చుకోవడానికీ తేడా ఎంతంటే, దాని మీద ఒక వెర్రే నడిచింది. 4 వరసలు, 4 నిలువులు, 15 పలకలు, ఒక ఖాళీ ఉండే అంకెల ఆట 1880లో అమెరికాను ఊపేసింది. అన్నీ వరసగా ఉండి 14, 15 మాత్రం ఒకదాని చోట ఒకటి ఉంటే సరిచేయమని పందెం. దాన్ని తానే కనిపెట్టానని చెప్పుకున్న శామ్ లాయిడ్ (కనిపెట్టింది ఆయన కాదు) 1000 డాలర్ల బహుమతి ప్రకటించాడు. ఆ డబ్బు ఎవరికీ పోదని ఆయనకు తెలుసు. అది అసాధ్యమని 1879లోనే జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు నిరూపించి అచ్చేశారు. జరిపిన ప్రతిసారీ పలకకూ ఖాళీకీ మధ్య ఒక మార్పిడి జరుగుతుంది. బోర్డుకు చదరంగం రంగులు వేసుకుంటే, ఖాళీ ప్రతి ఎత్తుకూ రంగు మారుతుంది. అది మళ్ళీ తన మూలకు రావాలంటే మొత్తం ఎత్తులు సరిసంఖ్యే కావాలి. 14, 15లను మార్చడం ఒక్క మార్పిడి, అంటే బేసి. బేసిని సరితో తీర్చలేం. జరపమంటే జన్మలో కానిది, మీ ఆటలో రెండు వేళ్ళతో అయిపోతుంది.

కరీంనగర్ నుంచి:
ఇంకో చిన్న మాట. పలకను ‘గడి’ అనకండి. గడి కదలదు, పలకే కదులుతుంది. పైగా మన వైపు గడీ అంటే దొర గుర్తొస్తాడు.

హుజూరాబాద్ నుంచి:
ఆలస్యంగా చూశాను. మా ఇంట్లో ఈ పనికి మాట ఎప్పటి నుంచో ఉంది: అదలాబదలా. చిన్నప్పుడు గోటీలు, పెన్సిళ్ళు, పండుగకు కుట్టించిన అంగీలు... “అదలాబదలా చేసుకుందామా?” అనేవాళ్ళం. ఇద్దరూ ఒప్పుకుంటేనే అది.

కొత్తవాడ, వరంగల్ నుంచి:
ఇదీ మాట! ఉర్దూ నుంచి వచ్చింది, దాని వెనుక అరబీ ‘బదల్’. చేబదులులోని బదులు, బదిలీ, భూముల దగ్గర వినే బదలాయింపు, అన్నీ ఆ ఇంటివే. కానీ బదలాయింపులో ఒకరి నుంచి ఇంకొకరికి పోవడమే ఉంది. అదలాబదలాలో రావడం, పోవడం రెండూ ఉన్నాయి. ‘వినిమయం’ అని రాస్తే తప్పు లేదు గానీ, విదేశీ మారకం చదువుతున్నట్టు ఉంటుంది. నా ఓటు అదలాబదలాకు.

జనగామ నుంచి:
ఆరక్షరాలు, బటన్‌కు పడుతుందా?

హన్మకొండ నుంచి:
తమ్ముడు పెట్టి చూశాడు, పట్టింది. అందరికీ థాంక్స్. ఒక్కటే మిగిలింది: ‘అన్‌డూ’కు ‘వాపస్’ అని పెట్టమంటున్నాడు. బాగుందా?

పరకాల నుంచి:
బాగుంది గానీ, అవే రెంటిని ఇంకోసారి అదలాబదలా చేస్తే వాపస్ వచ్చినట్టే కదా. వేరే బటన్ ఎందుకు?

హన్మకొండ నుంచి:
ఏ రెంటిని మార్చిందో మా అమ్మకు గుర్తుండదు అన్నా.