బ్యాటరీ మార్చుకోలేని వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొనాలా, వద్దా?

శ్రోత:
నా హెడ్‌ఫోన్స్‌లో సౌండ్, కుషన్లు, బటన్లు అన్నీ బాగున్నాయి. ఛార్జింగ్ మాత్రం గంట కూడా నిలవడం లేదు. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్చరట, కొత్తవి కొనుక్కోమన్నారు. ఒక్క బ్యాటరీ కోసం మొత్తం పారేయడం నాకు మనసొప్పడం లేదు. ఇకపై బ్యాటరీ మార్చుకోగలిగినవే కొంటాను. ఇంత పట్టుదల అవసరమంటారా?

నడక:
అనవసరం అంటాను. బ్యాటరీకి మూత పెడితే బరువు పెరుగుతుంది, చెమట లోపలికి పోతుంది. ఇయర్‌బడ్స్‌లో అయితే అసలు చోటే ఉండదు. ఎండకు దూరంగా ఉంచి, ఎప్పుడూ ఫుల్ ఛార్జ్‌లో పెట్టకుండా వాడితే లిథియం బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది.

సోల్డర్:
చోటు లేదంటే ఒప్పుకోనండీ. నెదర్లాండ్స్ కంపెనీ ఫెయిర్‌ఫోన్ వాళ్లు 2024లో తెచ్చిన ఫెయిర్‌బడ్స్‌లో రెండు బడ్స్‌కీ, కేస్‌కీ బ్యాటరీలు మార్చుకోవచ్చు. పైగా ఐపీ54 రేటింగ్ ఉంది, చెమటకూ చినుకులకూ భయం లేదు. 2023లో వచ్చిన ఫెయిర్‌బడ్స్ ఎక్స్‌ఎల్ చెవులను కప్పే రకం, దాని బ్యాటరీ కూడా ఊడి వస్తుంది.

ఆ మాటకొస్తే బ్యాటరీ మార్చే వీలు ఎక్కువ అవసరమయ్యేది ఇయర్‌బడ్స్‌కే. మామూలు లిథియం బ్యాటరీ సామర్థ్యం 300 నుంచి 500 ఫుల్ ఛార్జ్‌లయ్యాక 80 శాతానికి పడిపోతుంది. 30 గంటలు వచ్చే హెడ్‌ఫోన్స్‌కి వారానికో ఛార్జ్ చాలు. ఐదు గంటల బడ్స్‌కి రోజూ కావాలి. రెండేళ్లు తిరక్కుండానే అవి నీరసపడతాయి.

శ్రోత:
మరి స్క్రూలు విప్పి మార్చేవి?

సోల్డర్:
నా ఓటు వాటికే! అసలు చూడాల్సింది బ్యాటరీ సైజు. చేత్తో ఊడొచ్చే బ్యాటరీ అయినా, ఆ కంపెనీ మాత్రమే చేసే ఆకారమైతే వాళ్లు అమ్మడం ఆపిన రోజే మీ హెడ్‌ఫోన్స్ పని అయిపోయినట్టు. అందరూ వాడే మామూలు సైజు లిథియం సెల్ అయితే ఎన్నేళ్లకైనా దొరుకుతుంది. సెల్ మీద 602535 లాంటి నంబర్ ఉంటుంది: మందం 6 మిల్లీమీటర్లు, వెడల్పు 25, పొడవు 35. వైర్లు రెండా మూడా అనేది కూడా చూసుకోండి, మూడోది సాధారణంగా వేడిని కొలవడానికి. కనెక్టర్ సరిపోయినంత మాత్రాన ప్లస్, మైనస్ సరిపోయినట్టు కాదు, మల్టీమీటర్‌తో చూసే తగిలించండి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఇనుప పనిముట్టుతో పెకిలించకండి, చిల్లు పడితే నిప్పంటుకుంటుంది.

నడక:
చూశారా, ఇంత టెన్షన్ అందరూ పడగలరా? మా అమ్మ ట్రిపుల్ ఏ సెల్ మార్చగలదు గానీ మీటర్ పట్టుకోదు.

సోల్డర్:
మీ మాట న్యాయమే. అందుకే చట్టం కావాలి. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి కొన్ని మినహాయింపులు తప్ప, ఇలాంటి పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. వేడిచేసి జిగురు కరిగించాల్సి వస్తే కుదరదు. ఆ మోడల్ చివరి పీస్ మార్కెట్‌లోకి వచ్చాక ఐదేళ్ల పాటు బ్యాటరీలు విడిగా దొరకాలి.

నడక:
ఐదేళ్లూ దొరికితే మంచిదే. అయినా బరువు గురించి నా మాట మార్చుకోను.

శ్రోత:
అయితే ముందు పాతవాటి కుషన్లు తీసి, సెల్ మీద నంబర్ ఏముందో చూసి ఇక్కడే పెడతాను. సోల్డర్ గారూ, వైర్ల ఫొటో కూడా కావాలా?