డయాలసిస్ మొదలయ్యాక అమ్మకి పని వరస తప్పుతోంది. ఇది వయసు వల్లేనా?

మల్కాజిగిరి అమ్మాయి:
మా అమ్మకి 57. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. షుగర్ వల్ల కిడ్నీలు పోయాయి. ఆరోగ్యశ్రీ కింద వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్.

అందరూ మతిమరుపు అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. పక్కింటి ఆంటీ చేతి పొడవు, భుజం కొలత టేపు తియ్యకుండానే ఇప్పటికీ చెబుతుంది. తప్పేదల్లా వరస. లైనింగ్ బట్ట తడిపి ఆరేశాకే కత్తెర పెట్టాలని నాకు నేర్పిందే తను. మొన్న కొత్త లైనింగ్‌ని అలాగే కోసేసింది. చేతులు రెండూ కుడివైపువే కోసింది. తప్పని తనకే తెలిసింది. ముక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది కానీ ఎక్కడ మొదలుపెట్టి సరిచేయాలో తోచలేదు. డయాలసిస్ అయిన సాయంత్రాలు మరీ ఎక్కువ. టీవీ కట్టేస్తే తప్ప నా మాట బుర్రకెక్కదు.

మేం చూపించే చోట అడిగితే ‘వయసు కదమ్మా’ అన్నారు. యాభై ఏడు ఒక వయసా? డయాలసిస్‌కీ మెదడుకీ సంబంధం ఉందా? ఉంటే ఎవర్ని, ఏం అడగాలి? ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు విషయం కావాలి.

డయాలసిస్ టెక్నీషియన్, ఎల్బీనగర్:
సంబంధం ఉందమ్మా. మెషిన్ మీద ఒంట్లో నీరు గబగబా లాగితే బీపీ పడుతుంది, మెదడుకి వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది. అందుకే నీరు ఎంత వేగంగా తీస్తున్నారో చూడండి. కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లు దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే హద్దు. అమ్మ 50 కిలోలుంటే నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. అంతకుమించి బరువు పెరిగి వస్తే టైం పెంచమని అడగండి. తొందరగా దింపేయమని మాత్రం అడగకండి, అప్పుడు అదే నీటిని ఇంకా వేగంగా లాగాలి.

నీళ్లు తాగొద్దని పేషెంట్‌ని కోప్పడేవాళ్లని రోజూ చూస్తాను. దాహం పుట్టించేది ఉప్పు. ముందు ఆవకాయ, అప్పడాలు ఆపండి. మేం రాసే షీట్‌లో సెషన్ మధ్యమధ్యలో తీసిన బీపీలు ఉంటాయి. ప్రతిసారీ ఫోటో తీసుకుని డాక్టర్‌కి చూపించండి.

న్యూరోసైకాలజీ చదివిన వ్యక్తి, తార్నాక:
నేను డాక్టర్‌ని కాదు. కానీ మీరు గమనించింది చాలా సరైన విషయం. డయాలసిస్ పేషెంట్లలో తరచూ ముందు దెబ్బతినేది జ్ఞాపకం కాదు, పనిని వరసలో పెట్టుకోవడం, ధ్యాస నిలపడం. 2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో 55 దాటిన హీమోడయాలసిస్ పేషెంట్లని పరీక్షిస్తే పూర్తి మామూలుగా ఉన్నవాళ్లు 13 శాతమే. 37 శాతం మందికి తీవ్రమైన లోపం ఉంది. అయినా ఆ సంగతి ఫైల్లో రాసి ఉన్నది 3 శాతం మందికి కూడా లేదు. కాబట్టి ‘వయసు’ అన్న జవాబుతో ఊరుకోకండి.

మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలు కలిసి పనిచేస్తాయి. ఫంక్షనల్ ఎమ్మారైలో చూస్తే డయాలసిస్ పేషెంట్లలో, ముఖ్యంగా నుదుటి వెనక భాగానికీ వెనకవైపు భాగాలకీ మధ్య, ఆ పొందిక తగ్గినట్టు కనిపించింది. వాటిని కలిపే తెల్లపదార్థం సన్నటి రక్తనాళాల మీద బతుకుతుంది. షుగర్, బీపీ ఆ నాళాలనే పాడుచేస్తాయి, పైన సెషన్‌లో బీపీ పడిపోవడం ఒకటి. ఈ స్కాన్ పరిశోధనకే, మీరు డబ్బు పెట్టి చేయించక్కర్లేదు. మీక్కావలసింది ధ్యాస, జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో కాగితం, పెన్నుతో చూసే మోకా (MoCA) లాంటి పరీక్ష. తెలుగులో ఉంది. నిమ్స్ న్యూరాలజీలో అడగండి. మెషిన్ మీద ఉండగా చేయనివ్వకండి, మార్కులు అప్పుడే బాగా తగ్గుతాయి. సెషన్‌కి ముందుగానీ మర్నాడుగానీ చేయించండి.

కుట్టు మాత్రం మాన్పించకండి. డయాలసిస్ లేని రోజు పొద్దున కుట్టనివ్వండి. తడపడం, ఆరేయడం, ఇస్త్రీ, గుర్తులు, కోత. ఈ వరస పెద్ద అక్షరాలతో కుట్టు మెషిన్ ఎదురుగా అంటించండి.

ఉప్పల్ శ్రీను:
అక్కా, మందులు కూడా చూడండి. మా నాన్నకి నడుం నొప్పికి బాక్లోఫెన్ రాశారు. మాకెవరికీ తెలియదు, అది కిడ్నీలోంచే పోవాలట. మనుషుల్ని గుర్తుపట్టలేదు, గోడతో మాట్లాడాడు. అది ఆపి డయాలసిస్ చేశాక మామూలు మనిషయ్యాడు. అరికాళ్ల మంటలకి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కూడా డోసు తగ్గించకపోతే అంతే. ఇన్సులిన్ కూడా కిడ్నీలు పోయాక ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, షుగర్ పడిపోయి మనిషి అయోమయంగా ఉండొచ్చు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, అడిగి మార్పించుకోండి.

మల్కాజిగిరి అమ్మాయి:
అమ్మ ప్రీగాబాలిన్ వేసుకుంటోంది! వేరే డాక్టర్ రాశారు, కిడ్నీ డాక్టర్ ఫైల్లో లేదు. రేపే స్ట్రిప్పు పట్టుకెళ్తాను. ఇంకొకటి, డయాలసిస్ ద్రవం చల్లగా పెడితే మెదడుకి మంచిదని ఎక్కడో చదివాను. నిజమా?

డయాలసిస్ టెక్నీషియన్, ఎల్బీనగర్:
కొంత నిజం. 2015లో బ్రిటన్ వాళ్ల చిన్న అధ్యయనంలో ద్రవాన్ని ఒంటి వేడి కన్నా అర డిగ్రీ తగ్గించి పెడితే ఏడాది తర్వాత తెల్లపదార్థం బాగా నిలిచింది. కానీ 2022లో కెనడాలో పెద్ద ఎత్తున చూసినప్పుడు గుండె జబ్బుల్లో తేడా రాలేదు, పేషెంట్లకి చలి ఎక్కువైంది. బీపీ పడిపోయేవాళ్లకి మేం డాక్టర్ చెప్తే తగ్గిస్తాం. అమ్మకి సెషన్‌లో బీపీ పడుతుంటే తప్పకుండా అడగండి, దుప్పటి తీసుకెళ్లండి.

చనిపోయిన దాతల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించారా? కిడ్నీ మార్పిడి అయ్యాక కొందరికి ఈ ఇబ్బంది తగ్గుతుంది. నమోదు ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది, రేపు ఆ మాట కూడా అడిగి రండి.