అప్‌డేట్: టైప్ 1 మధుమేహం ఉన్న మా అబ్బాయికి అన్నం మాన్పించాలా?

పర్లాకిమిడిలో ఉంటున్న మేము, మా అబ్బాయికి టైప్ 1 మధుమేహం బయటపడినప్పుడు అన్నం పూర్తిగా మాన్పించాలా అని అడిగాము. మాన్పించనక్కరలేదని, తినబోయే పిండిపదార్థాన్ని లెక్కగట్టి, దానికి సరిపడా త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ను భోజనానికి ముందు ఇవ్వాలని బరంపురంలోని వైద్యులు వివరించారు. వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక, ఇప్పుడు తూచి వడ్డిస్తున్నాము. వాడికి 10 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ ఇన్సులిన్ చొప్పున నిర్ణయించారు గానీ, ఈ నిష్పత్తి మనిషిని బట్టి మారుతుంది. చోడి (రాగి) అంబలికి లెక్క అక్కరలేదని మా అత్తగారు ఇప్పటికీ గట్టిగా వాదిస్తారు. కానీ చోడిపిండిలో సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే కనుక, దానికీ లెక్క కావాలి. రక్తంలో చక్కెర 70 mg/dL కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షిస్తున్నాము. తినని పూట కూడా దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్‌ను సొంతంగా ఆపవద్దని వైద్యులు ప్రత్యేకంగా హెచ్చరించారు.