అప్‌డేట్: ఆర్మీలో ఉన్న భర్త నుంచి మెయింటెనెన్స్

పోయిన ఏడాది ఇక్కడ అడిగాను. మా ఆయన ఆర్మీలో హవల్దార్, ఏడాదిగా నాకూ పాపకీ పైసా పంపడం లేదు, కోర్టు ఆయన జీతాన్ని జప్తు చేయగలదా అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

సివిల్ కోర్టు నేరుగా జప్తు చేయలేదట. ఆర్మీ చట్టం 28వ సెక్షన్ అడ్డు. కానీ అదే చట్టంలో 91(ఐ) కింద ఆర్మీ అధికారులే జీతంలో కోసి భార్యాపిల్లలకు ఇప్పించవచ్చు. ఆఫీసర్లకైతే 90(ఐ). భార్యకు గరిష్ఠంగా 22 శాతం, ఒక్కో బిడ్డకు 5.5, మొత్తం 33 దాటదు.

లాయరు మొదట కోర్టుకే వెళ్దామన్నారు. నేను మాత్రం ముందు ఆయన కమాండింగ్ ఆఫీసర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పెట్టాను. పెళ్లి ఫోటో, పాప బర్త్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ జతచేశాను. ఆ పాస్‌బుక్కులో పద్నాలుగు నెలలు ఆయన పేరే లేదు, అదే నా సాక్ష్యం. మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక పెద్దాయన కూర్చోబెట్టి రిమైండర్ రాయించారు, టీ కూడా తెప్పించారు. ఆ తర్వాత మా ఆయనకు షోకాజ్ నోటీసు వెళ్లింది. "నా పరువు తీశావు" అని ఫోన్ చేశాడు. పెట్టేశాను.

గత నెల నుంచి డబ్బు పడుతోంది. విడాకుల కేసు వేరే, ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. సెలవు దొరకలేదంటూ ఆయన రెండు వాయిదాలు ఎగ్గొట్టాడు.